ఈస్టరుపండుగ : నామవిమర్శము

రామగుండము, గోదావరిఖని మొదలగు బొగ్గుబావుల పట్టణములలోని తెలుఁగు క్రైస్తవులలో ఈస్టరుపండుగను గూర్చి వినవచ్చు వివాదము కేవల మాచారమునకు సంబంధించినది గాదు. అది ప్రధానముగా నొక శబ్దమునకు సంబంధించినది. "ఈస్టరు" అనునది బబులోను దేవతయగు ఇష్టారు పేరే యనియు, కావున నాపండుగ యన్యదేవతారాధనమే యనియు నొకపక్షము వారు వాదింతురు. అపొస్తలుల నాఁటినుండి యాజ్ఞాపూర్వకముగా వచ్చుచున్న పండుగ యని రెండవపక్షము వారు బదులు చెప్పుదురు. మొదటివాదము శబ్దశాస్త్రముచేతను, రెండవది చరిత్రచేతను బరీక్షింపఁదగినవి. పరీక్షించినచో రెండును నిలువవు. ఇది మతబోధకులకు విడిచిపెట్టవలసిన విషయమని సాహిత్యపరిశోధకులు తలఁపరాదు. ఒక పరభాషాపదము తెలుఁగులోఁ బ్రవేశించి, తనవెంటఁ బరదేశపుఁ గలహమును గూడఁ దెచ్చి, ఇక్కడ నొక యింటిలోని తండ్రిని గొడుకును వేఱుచేయునంతటి పనిచేయుచుండఁగా, అది భాషావిషయమే యగును.

ఈవివాదము బొగ్గుబావులయొద్ద సూటిగా నెదురుపడుటకుఁ గారణము కలదు. తెలుఁగుదేశమున మిషనరీసంఘములు సీమలను బంచుకొని పనిచేసినవి. మెదకున వెస్లియను మెథడిస్టులు, డోర్నకలున నాంగ్లికనులు, నల్లగొండయందు బాప్టిస్టులు, మహబూబునగరమున మెన్నొనైటులు, గుంటూరున లూథరనులు, 1836లో వచ్చిన బౌడను, బీరు అను వారి మూలమున నరసాపురమున బ్రదరనువారు. ఇట్లొక్కొక్క సీమ కొక్కొక్క యాచారము స్థిరపడెను. తన యూరి గుడియే యెఱిఁగిన పల్లెవాఁడు పండుగను మఱియొక విధమునఁ జేయువారు గలరని గాని, బొత్తిగాఁ జేయనివారు గలరని గాని యెఱుఁగఁడు. ఈ హద్దులను జెఱిపినది బొగ్గు. ఇల్లెందు ప్రాంతమున 1871లో భూగర్భశాఖకుఁ జెందిన కింగుదొర బొగ్గును గనుఁగొనెను. 1920వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన సింగరేణి కంపెనీ యాపేరుతో నేర్పడెను. 1960 ప్రాంతమున గోదావరి దక్షిణపుటొడ్డునను బావులు తెఱవఁబడెను. నలుదిక్కులనుండి వచ్చిన పనివారు కంపెనీ క్వార్టర్లలో నొక్కవరుసను గాపురముండిరి. 1947 సెప్టెంబరు 27న నేర్పడిన దక్షిణ ఇండియా సంఘమువాని గోడ కవతల పెంతెకొస్తువాఁడును, వాని కవతలఁ గాథొలికుఁడును ఉండుట యిచ్చట వింత గాదు. ఒకయింట నక్షత్రము లింకను మెఱయుచుండఁగనే పండుగయారాధనకుఁ బయనమగుచుండఁగా, ప్రక్కయింట నాదినము తక్కిన యాదివారములలో నొకటియే. ఎదురెదురుగా నుండుటచేతనే "ఇది యెక్కడిది?" అను ప్రశ్న పుట్టినది.

ప్రశ్నకుఁ జెప్పఁబడు జవాబులలో మిక్కిలి ప్రచారము నొందినది ఇష్టారువాదము. దీని మూలపురుషుఁడు స్కాట్లండు దేశపు బోధకుఁడగు అలెగ్జాండరు హిస్లపు. అతఁడు 1853లోఁ జిన్నపొత్తముగాను, 1858లో విస్తరించి గ్రంథముగాను బ్రకటించిన "రెండు బబులోనులు" అనుదానిలో రోమను సంఘాచారము లన్నియు బబులోను మతమునుండియే వచ్చినవని సాధింపఁబూనెను. అతని పద్ధతి చాల సులభమైనది: రెండుపేళ్లు చెవికి నొక్కరీతిగా వినవచ్చినచో రెండును నొక్కటియే. ఈస్టరు, ఇష్టారు అను రెండింటి ధ్వనిసామ్యమే యతని ప్రధానసాక్ష్యము. ఈపద్ధతి నంగీకరించినచో తెలుఁగు "కల"కును సంస్కృత "కలా"శబ్దమునకును సంబంధము గల్పించి, చిత్రకారు లందఱును నిదురించువారే యని చెప్పవచ్చును.

శబ్దశాస్త్రము చెప్పునది వేఱు. ఇంగ్లీషువారి ఈస్టరు, జర్మనుల ఓస్టెర్ను అను రెండుపదములును జర్మానిక భాషాకుటుంబమున నొక్క ధాతువునుండి పుట్టినవి. తూర్పుదిక్కును జెప్పు ఈస్టు, ఓస్టు అను పదములును నాధాతుజన్యములే. దాని కర్థము తెల్లవాఱుట, ప్రకాశించుట. ఆ ధాతువే లాటినున అవురోరా, గ్రీకున ఏఓస్ అను వేఁకువపేళ్లకును, వేదమున స్తుతింపఁబడిన ఉషశ్శబ్దమునకును మూలము. ప్రాచీన జర్మానికమునందలి "అవు"ధ్వని ఇంగ్లీషున "ఏఅ"గాను, జర్మనున "ఓ"గాను మాఱుట నియతమైన మార్పు. ఇష్టారుశబ్దమున మొదట నున్న ఇకారమునుండి జర్మనుల ఓకార మేమార్గమునను రాదు. నడుమనున్న "ష్ట" "స్ట" యగుటకును గారణము లేదు. ఇష్టారు హెబ్రీయుల అష్తారోతునకును, గ్రీకుల అస్తార్తెకును జుట్టమగుఁగాక, ఈస్టరునకుఁ గాదు. తెలుఁగువాఁడు చుట్టఱికము చూపవలసియున్నచో ఈస్టరుపదమును ఉషస్సుతోఁ జూపవచ్చును, ఇష్టారుతోఁ జూపరాదు.

అట్లయిన నాపేరున నన్యదేవత యెవ్వరును లేరా? ఇచ్చట న్యాయము పాటింపవలెను. ఇంగ్లీషు సన్న్యాసియగు బీడు 725వ సంవత్సరమునఁ గాలగణనమును గూర్చి రచించిన లాటిను గ్రంథములో, పూర్వపు టింగ్లీషువారు ఏప్రిలు ప్రాంతపు మాసమునకు ఏఓస్త్రె యను దేవత పేరు పెట్టిరనియు, తరువాత నామాసమున వచ్చు పాస్కాపండుగకు నాపేరే వాడుకపడెననియుఁ జెప్పెను. ఆదేవతను బేర్కొనిన ప్రాచీనుఁ డతఁడొక్కఁడే. 1835లో యాకోబు గ్రిము జర్మనులకును "ఓస్తరా" యను దేవత యుండెనని యూహించెను. బీడు కల్పించి చెప్పెనని చాలకాలము కొందఱు పండితు లనుకొనిరి. 1958లో జర్మనీదేశపు మోర్కెన్-హార్ఫు అను గ్రామముకడ "ఔస్త్రియహేనె" అను మాతృదేవతలకు సమర్పింపఁబడిన నూటయేఁబదికి మించిన శిలాశాసనములు దొరకిన పిదప, బీడుమాట నంతతేలికగాఁ ద్రోసివేయుట తగదని తేలినది. కావున నింగ్లీషుపేరు వెనుక నొక గ్రామదేవతవంటి దేవత యుండియుండవచ్చును. కాని పేరు వెనుక నుండుట వేఱు, పండుగ వెనుక నుండుట వేఱు. ఇంగ్లీషువారికిఁ గ్రైస్తవమును బోధింప రోమునుండి అగస్తీను వచ్చినది 597లో. దానికి నాలుగువందల సంవత్సరములకు ముందే, 155 ప్రాంతమున, ఈపండుగ యేదినమునఁ జేయవలెనని స్ముర్నకుఁ జెందిన పొలికార్పును రోమునకుఁ జెందిన అనికేతసును రోముపట్టణమునఁ జర్చించిరి. పండుగ యప్పటికే యున్నది. దాని పేరు పాస్కా. ఇంగ్లీషుపే రింకను బుట్టలేదు.

ఈపాస్కాశబ్దమే హెబ్రీయుల పెసఖు. ఐగుప్తునుండి వెలువడిన రాత్రి గొఱ్ఱెపిల్ల రక్తము పూయఁబడిన యిండ్లను సంహారకుఁడు దాఁటిపోయెనను కథ దాని మూలము. గ్రీకులు, లాటినులు, రష్యనులు, ఫ్రెంచివారు, స్పెయినువారు, సిరియనులు - అందఱును నీపేరునే తమతమ నాలుకల కనుకూలముగా మార్చుకొనిరి. దీనికిని దప్పుటర్థములు కల్పించిన వారు లేకపోలేదు. రెండవ శతాబ్దమున సార్దీసు మేలితో గ్రీకున "శ్రమపడుట" యని యర్థమిచ్చు "పాస్ఖేయిను" ధాతువును బాస్కాతో ముడిపెట్టెను. పాస్కా యనఁగా శ్రమ కాదు, దాఁటుట యని ఉత్తరాఫ్రికావాఁడగు అగస్తీను దిద్దవలసివచ్చెను. మేలితో పండుగను సమర్థించుటకును, హిస్లపు ఖండించుటకును జేసినది యొక్కటియే. సమర్థకుని పొరపాటు భక్తిగాఁ జెల్లినది. ఖండకుని పొరపాటు ప్రమాణముగాఁ జెల్లినది.

ఇఁక వ్యుత్పత్తి యెంత నిజమైనను, అర్థమును నిర్ణయించు నధికారము దానికిఁ గలదా యను ప్రశ్న యున్నది. యోగముకంటె రూఢి బలీయమని మన శాస్త్రకారులు నిర్ణయించియున్నారు. పంకజ మనఁగాఁ దామరయే గాని బురదలోఁ బుట్టిన పురుగు గాదు. ఇందుకు బొగ్గుబావులలోనే చక్కని యుదాహరణము కలదు. ఆదివారము బావులకు విరామదినము. ఆదినమునఁ బనికిఁ బిలిచి, యెక్కువకూలి యిచ్చుటను కార్మికులు "ప్లేడే" యందురు. ఇంగ్లీషున నాపదమునకు ఆటదినమని యర్థము. బాయిభాషలో నది పనిదినము. "నాకీవారము ప్లేడే దొరకినది" అని చెప్పిన కార్మికుఁ డాడుకొనఁబోవుచున్నాఁడని యెవ్వఁడును దలఁపఁడు. ఆపదమును బ్రతివారమును వాడువారే ఈస్టరుపదమును దాని పుట్టుకనుబట్టి తీర్పుతీర్చుట విపరీతము.

పేరుచేతనే దోషము సంక్రమించునన్న నియమమును గడవఱకును జరిపినచో నేమగునో చూడవలెను. ఆదివార మనఁగా ఆదిత్యవారము, సూర్యునిదినము. ఈస్టరును విడిచినవారు నాదివారమునే కూడుకొందురు. శనివారమున విశ్రాంతిదినము నాచరించువారు శనిపేరు గల దినమున గుడికిఁ బోవుదురు. హెబ్రీయులు చెఱనుండి తిరిగివచ్చునపుడు బబులోనునుండి మాసనామములను దెచ్చుకొనిరి. పూర్వము ఆబీబని చెప్పఁబడిన మాసమే నీసాను అయ్యెను. వారి నాలుగవమాసము పేరు తమ్మూజు. అది బబులోను దేవుని పేరే. మొర్దెకై పేరున బబులోను దేవుఁడగు మర్దూకు కనఁబడుచున్నాఁడు. ఎస్తేరుపేరు పారసీకమున నక్షత్రవాచకమని కొందఱును, ఇష్టారుపేరే యని కొందఱును జెప్పుదురు. తెలుఁగు క్రైస్తవుల యింట ఎస్తేరమ్మలకుఁ గొదవలేదు. ఇష్టారువాదమును బోధించు నింటనే కూఁతునకు ఎస్తేరని పేరిడుట సంభవించినచో, నాబిడ్డను పేరుమార్చుకొమ్మని తండ్రి కోరఁడు, కోరనక్కఱయు లేదు.

ఇట్లు ఇంగ్లీషుపేరునకుఁ దగిలిన మచ్చయే యంత పలుచనిదై యుండఁగా, తెలుఁగున నది తగులుటకు స్థానమే లేదు. అపొస్తలుల కార్యములు పండ్రెండవ యధ్యాయము నాలుగవ వచనమున, 1611నాఁటి యింగ్లీషు బైబిలు "ఈస్టరు" అను పదమును వాడినది. మూలమున నున్నది పాస్కాశబ్దమే. హేరోదుకాలపు యూదులపండుగకు ఈస్టరని పేరుపెట్టుట యనువాదకుల ప్రమాదము, లేదా ప్రాఁతవాడుక శేషము. తెలుఁగు బైబిలునం దాచోట "పస్కా" యని యుండుటచేఁ దెలుఁగుచదువరి కాచిక్కే లేదు. ఇష్టారువాదమునకుఁ బ్రమాణముగాఁ జూపఁబడు బైబిలువచన మిది యొక్కటియే. అది యింగ్లీషుపుస్తకమున మాత్రమే కలదు. కావున బావులయొద్దఁ దెలుఁగున జరుగు నీచర్చకు మూల మింగ్లీషుభాషలో నొక మాటపొరపాటు. తమ పుస్తకమున లేని పదమునుబట్టి తమవారితోఁ గలహించుట కంటె నుపహాస్యమైనది వేఱొండు గలదా?

అయినను మఱియొక చోద్యము కలదు. బైబిలున లేని యీ యింగ్లీషుపదము తెలుఁగు క్రైస్తవుల నిత్యవ్యవహారమున నెట్లు పాఁతుకొనినది? తక్కిన దినములకు మనవారు చక్కని తెలుఁగుపేళ్లు పెట్టుకొనిరి. ఖర్జూరపుమట్టలు పట్టుకొని నడచు దినము మట్టల ఆదివారము. నుదుట బూడిదతో సిలువగుఱుతు వేయు దినము విభూది బుధవారము. ఈపేరు పెట్టినవాఁ డెవ్వఁడో గాని, శైవులమాటను దీసికొనుటకు జంకలేదు. నలువది దినముల యుపవాసకాలము కాథొలికులకుఁ దపస్సుకాలము, కొన్ని యితరసంఘములకు శ్రమదినములు. వీనిలోఁ బ్రతిదానికిని గంటికిఁ గనఁబడు గుఱుతు గాని, శరీరమునకుఁ దెలియు కష్టము గాని కలదు: మట్ట, బూడిద, పస్తు. ప్రధానమైన పండుగనాఁటి సంగతికి మాత్ర మట్టి యానవాలు లేదు. "పునరుత్థానము" పండితులపదము; అక్షరము లెక్కువ; పామరుని నోటఁ దిరుగదు. పాస్కా యన్నచో యూదులపండుగ జ్ఞప్తికివచ్చును. అందుచేత నేయర్థమును స్ఫురింపఁజేయని "ఈస్టరు" అను పదము తెలుఁగువానికిఁ దేలికగాఁ దోఁచినది. అర్థములేనిదగుటయే దాని బలము. ఇష్టారువాదులు కనిపెట్టవలసినది యిదియే: తెలుఁగుచెవికి ఈస్టరుపదమున దేవతయు లేదు, వేఁకువయు లేదు, మాసమును లేదు, పండుగయొక్కటే కలదు.

పాస్కాపదము గూడఁ దెలుఁగునాఁట నొక్కరూపమున లేదు. బైబిలు సొసైటీవారి గ్రంథమున హ్రస్వాదిగాఁ బస్కా. అది యూదులపండుగకు మాత్రమే చెల్లును. కాథొలికుల ప్రార్థనలలో దీర్ఘాదిగాఁ బాస్కా. ఈస్టరునకు ముందురాత్రి జాగరణము పాస్కాజాగరణము, ఆపండుగ పాస్కాపండుగ. గోదావరి దాఁటినచో నింకొక భేదము. దక్షిణపుటొడ్డున నున్న గోదావరిఖని 1952లో నేర్పడిన వరంగల్లు లాటిను మేత్రాసనమునఁ జేరినది. ఉత్తరపుటొడ్డున మంచిర్యాల కేంద్రముగా 1999లో నేర్పడిన ఆదిలాబాదు మేత్రాసనము సీరో మలబారు సంప్రదాయమునది. ఆసంప్రదాయమునకు స్వదేశమగు కేరళమున "పెసహా" యనఁగా గురువారము. ఆరాత్రి యిండ్లలోఁ బులియని యప్పము విఱిచి పంచుకొందురు. ఆదివారమున వచ్చునది "ఉయిర్‌ప్పు", అనఁగా ప్రాణముతో లేచుట. హెబ్రీపద మొక్కటే, నది కీవల నాదివారమునకును, ఆవల మలయాళీల యింట గురువారమునకును జెల్లుచున్నది. శుద్ధచరిత్రను బట్టి చూచినచో గురువారపు వాడుకయే మూలమునకు దగ్గఱ. గొఱ్ఱెపిల్లను దినిన రాత్రియే పెసఖు. అంతమాత్రమునఁ దెలుఁగు కాథొలికుల వాడుక తప్పనరాదు. మేలితోకాలమున శ్రమయు, మరణమును, లేచుటయు నొక్కరాత్రియందే స్మరింపఁబడెడివి. వానిని వేఱువేఱు దినములుగా విడఁదీయుట తరువాతి పని.

విడఁదీయుట యనఁగానే కాలనిర్ణయప్రసక్తి వచ్చును. పొలికార్పు అనికేతసుల చర్చ దానినిగూర్చియే. పంచాంగ మెఱిఁగిన తెలుఁగువానికి వారి వాదము నొక్కవాక్యమునఁ జెప్పవచ్చును: తిథి ప్రధానమా, వారము ప్రధానమా? ఆసియాసంఘములవారు తిథివాదులు. నీసానుమాసమునఁ బౌర్ణమి కాసన్నమగు పదునాలుగవ దిన మేవారమునఁ బడినను ఆనాఁడే పాస్కా యనిరి. రోమువారు వారవాదులు. క్రీస్తు లేచినది యాదివారము గనుక నాతిథి పిదప వచ్చు నాదివారమే యనిరి. ఇరువురును దమతమ పెద్దల యాచారమునే చూపిరి, తెగలేదు, సమాధానముతో విడిపోయిరి. 190 ప్రాంతమున రోముపీఠమున నున్న విక్టరు తిథివాదులను సంఘమునుండి వెలివేయఁ బూనఁగా, ఎఫెసునకుఁ జెందిన పొలిక్రతేసు తన పూర్వుల పేళ్లను జెప్పి యెదురువ్రాసెను. లియోనునకుఁ జెందిన ఇరెనేయుసు, తాను వారవాదియయ్యును, విక్టరును మందలించెను. ఉపవాసదినములలోని భేదము విశ్వాసమునందలి యైక్యమునే స్థిరపఱచుచున్నదని యతని యభిప్రాయము. 325లో నీకయసభ వారపక్షమునే నిలిపి, యందఱు నొక్కదినమునఁ జేయవలెనని తీర్మానించినది. లెక్క యెట్లు చేయవలెనో వివరింపలేదు. అలెగ్జాండ్రియావారి గణితమే క్రమముగా వ్యాపించినది.

ఆగణితము మన యధికమాసపు లెక్కకుఁ దోఁబుట్టువు. పందొమ్మిది సంవత్సరములకు నేడు మాసములు చేర్చి చాంద్రమానమును సౌరమానముతోఁ గలుపుదురు. మార్చి 21నఁ గాని తరువాతఁ గాని వచ్చు పౌర్ణమి పిదపటి యాదివారము పండుగ. కావున నది మార్చి 22కు ముందు గాని, ఏప్రిలు 25 తరువాత గాని రాదు. ఇచ్చటను మన సిద్ధాంతులకుఁ బరిచితమైన చిక్కే కలదు: లెక్కలోని చంద్రుఁడు వేఱు, ఆకాశమందలి చంద్రుఁడు వేఱు. పూర్వసిద్ధాంత పంచాంగమువారికిని దృగ్గణితమువారికిని గల తగవు వంటిదే యిది. 2019లో విషువత్తు గడచిన కొన్నిగంటలకే, మార్చి 21నఁ బౌర్ణమి వచ్చెను. ఆకాశమును జూచినచో ఈస్టరు మార్చి 24న రావలెను. సంఘగణితమున నాపౌర్ణమి మార్చి 20గాఁ బడుటచేఁ బండుగ యొక మాసము వెనుకకుఁబోయి, ఏప్రిలు 21న జరిగెను. ఆసంవత్సరము శుభశుక్రవారము చైత్రపౌర్ణమినాఁడే పడినది. 1997లో అలెప్పోనగరమునఁ గూడిన పలుసంఘముల ప్రతినిధులు దృగ్గణితము ననుసరింపవలెనని సూచించిరి. అది యమలునకు రాలేదు. 1582నాఁటి పంచాంగసంస్కరణము నంగీకరింపని తూర్పుసంఘములు 2024లో మే 5నఁ జేయఁగా, పశ్చిమసంఘములవారు మార్చి 31ననే ముగించిరి. నీకయసభకుఁ బదునేడువందల యేండ్లు నిండిన 2025లో నిరువురికిని ఏప్రిలు 20 యగుట గణితమువలనఁ గలిగిన మైత్రి. బొగ్గుబావులయొద్ద నీతేదీతగవు లేదు. తిథివాదమును నేఁటికి నిలిపినవారు యెహోవాసాక్షులు. వారు నీసాను పదునాలుగవనాఁటి సాయంకాలమున మరణస్మరణము జరిపి, ఈస్టరును ద్యజింతురు.

పైచరిత్ర యంతయుఁ బండుగను సమర్థించువారికి జయమని తోఁపవచ్చును. కాదు. ఇష్టారువాదము పడిపోయినంతనే, అపొస్తలుల యాజ్ఞ యను వాదము నిలుచుట లేదు. ఆజ్ఞ యుండియుండినచోఁ బొలికార్పును అనికేతసును వాదించియుండరు. ఆజ్ఞను జూపి ముగించియుందురు. అయిదవ శతాబ్దపు సంఘచరిత్రకారుఁడు సోక్రతేసు, అపొస్తలులు పండుగదినములను శాసింపలేదనియు, తక్కిన యాచారములవలెనే పాస్కాయును దేశాచారమునుబట్టి వచ్చినదనియు స్పష్టముగాఁ జెప్పెను. పండుగను జేయుచు, దానికి లేని యాజ్ఞను గల్పింపని యీచరిత్రకారుని నిజాయితీ మెచ్చఁదగినది. కావునఁ బండుగను విడిచినవారికి నొక బలమైన పక్షము కలదు. దానిని వారు ముందుంచక, బలహీనమైన ఇష్టారును ముందుంచుచున్నారు. దినములను మాసములను బట్టి యితరులకుఁ దీర్పుతీర్చుటను గూర్చి గలతీయులకును, కొలొస్సయులకును వ్రాయఁబడిన లేఖలు వారి యాధారములు. 1647లో ఇంగ్లండు ప్యూరిటనుల పార్లమెంటు ఈస్టరును రద్దుచేసినది యీయాధారముతోనే. ప్రతియాదివారమును పునరుత్థానదినమే, ప్రతివారమును రొట్టె విఱువఁబడుచుండఁగా సంవత్సరమున కొక్కనాఁటి పండుగ యేల యను బ్రదరనువారి ప్రశ్న గంభీరమైనది. దానికి జవాబు చెప్పవచ్చును, పరిహసింపరాదు. ఒక దినమును గొప్పగా నెంచువాఁడును, అన్నిటిని సమముగా నెంచువాఁడును దమతమ మనస్సులయందు నిశ్చయము గలిగియుండవలెనను రోమీయుల లేఖలోని భావ మిరుపక్షములకును వర్తించును. ఆలేఖ వెలివేయుట కెవ్వరికిని ఆధార మీయదు.

వివాదమున మిక్కిలి నొప్పి కలిగించుభాగ మింకను మిగిలియున్నది. అది గుడిలోఁ గాక సమాధులతోఁటలో జరుగును. ఈస్టరునాఁటి వేఁకువను, కొన్నియెడల ముందురాత్రియే, తెలుఁగు క్రైస్తవులు సమాధులను గడిగి, సున్నము కొట్టి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. సామాన్యజనులు దీనిని "సమాధులపండుగ" యందురు. ఇది పెత్రమాసకు మాఱురూపమని ఖండించువారి యాక్షేపము. తెలంగాణమునఁ బెత్రమాసనాఁడు పెద్దల పేరిట బియ్యమును గూరలును దానమిచ్చుట యందఱు నెఱిఁగినదే. క్రైస్తవులైన పిదపను బెద్దలను మఱవలేని మనస్సు మఱియొక దారి వెదకికొనుట సంభావ్యమే. అయినను రెండింటికిని లక్ష్యభేదము కలదు. పెత్రమాసయందు జీవించువారు చనిపోయినవారికి నిత్తురు. సమాధులతోఁటలో నిచ్చుట లేదు, అడుగుట లేదు. ఆదివారపు వేఁకువ స్త్రీలు సమాధికడకుఁ బోయిరన్న సువార్తకథనుబట్టి యక్కడ నిలుచుటయే కలదు. 1732లో జర్మనీలోని హెర్న్‌హూటున మొరేవియను యువకులు వేఁకువను శ్మశానమునకుఁ బోయి పాటలు పాడిరి. ఈస్టరు సూర్యోదయారాధనకు మొదటియుదాహరణముగాఁ జెప్పఁబడునది యిదియే. వారు చాందసులు గారు, ప్రొటెస్టంటులలోఁ బ్రొటెస్టంటులు. కాథొలికులకు మృతులస్మరణమునకు నవంబరు 2 కలదు. అట్టిదినము లేని సంఘములకు ఈస్టరువేఁకువయే యాయవకాశ మిచ్చుచున్నది.

బొగ్గుబావులయొద్ద నీవేఁకువ యందఱికిని దొరకదు. విరామదినమునను బావిలో నీళ్లు తోడు పంపులును, గాలి పంకాలును ఆఁగరాదు. వానికి మనుష్యులు కావలెను. నీరు పండుగ నెఱుఁగదు. రాత్రిషిఫ్టు ముగించి పైకి వచ్చువానికిఁ దోఁటలోని వత్తులు సగము కాలియుండును. అతని కొడుకు మఱియొక సంఘమునఁ జేరి, ఇష్టారుపేరు చెప్పి, తాతసమాధికడకు రాననినచో, నాతండ్రికి బీడును గ్రిమును దెలియనక్కఱలేదు. వాని పేరువాదము తప్పని చెప్పిన నంతమాత్రమునఁ గొడుకు వచ్చునన్న నియమమును లేదు. రాననుటకు వానికి మంచికారణము వేఱుగాఁ గలదు, పైని చెప్పఁబడినది. ఆకారణమును జెప్పినచోఁ దండ్రి దేవతారాధకుఁ డనిపించుకొనఁడు, భిన్నాచారుఁ డగును. ఒక యింట నుండుట కీరెండింటికిని జాల వ్యత్యాసము కలదు.

నిఘంటుకర్తలకు నొక్కమాట. పస్కా, పాస్కా, పెసహా యను మూఁడురూపములను నొక్కపదమునకుఁ బర్యాయములుగాఁ బొందుపఱపరాదు. మొదటిది యూదులపండుగకును, రెండవది తెలుఁగు కాథొలికుల యీస్టరునకును, మూఁడవది కేరళసంప్రదాయపు గురువారమునకును వేఱువేఱుగాఁ జూపఁదగినవి. ఈస్టరునకు "పునరుత్థానపండుగ" యని యర్థమిచ్చి, వ్యుత్పత్తిని జర్మానికమునకుఁ జూపవలెను. "సమాధులపండుగ"ను ఈస్టరునకుఁ బర్యాయముగాఁ గాక ప్రత్యేకముగాఁ జేర్చి, "ఈస్టరు వేఁకువను గాని ముందురాత్రి గాని తెలుఁగు క్రైస్తవులు తమవారి సమాధులకడ దీపములు పెట్టు నాచారము" అని వ్రాయవలెను. దానికి మూలభాష వెదకఁబనిలేదు. పండుగ యను మాట తెలుఁగువారిదే.